సెట్టింగులు తగ్గించినా కొత్త గేమ్‌లో కుదుపు పోవట్లేదు

ఈమధ్యే వచ్చిన ఓపెన్ వరల్డ్ గేమ్. నా పీసీలో రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్టీఎక్స్ 3060 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. 1080పీలో సెకనుకు 60 ఫ్రేములకి లాక్ చేస్తే నిలకడగానే నడుస్తుంది. కానీ గుర్రం మీద ఊరి పొలిమేర దాటగానే ఫ్రేమ్ టైమ్ (ఒక్కో ఫ్రేమ్‌కి పట్టే సమయం) 16.7 నుంచి 90 మిల్లీసెకన్లకు ఎగబాకుతోంది. షేడర్ కంపైలేషన్ (గ్రాఫిక్స్ కోడ్‌ని కార్డుకి తగ్గట్టు తయారుచేయడం) వల్లయితే రెండోసారి అదే దారిలో రాకూడదు. ఇది ప్రతిసారీ అక్కడే వస్తోంది. ఆ క్షణంలో జీపీయూ వాడకం పడిపోయి, సీపీయూలో ఒక్క కోర్ నిండిపోతోంది.

తయారైన షేడర్లను దాచే షేడర్ క్యాష్ 10 జీబీ చేశాను, డీడీయూ అనే టూల్‌తో గ్రాఫిక్స్ డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను, డీఎల్‌ఎస్‌ఎస్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే ఫీచర్) పెట్టి టెక్స్చర్లు మీడియంకి దించాను. బొమ్మ మసకబారిందంతే. పూర్తి ధరకు అమ్మే గేమ్‌ని ఇలా వదలడం అన్యాయం.

ఇలాంటి ట్రావర్సల్ కుదుపు (మ్యాప్‌లో ఒక చోటి నుంచి మరో చోటికి కదిలేటప్పుడు వచ్చేది) ఏ సెట్టింగ్ మారిస్తే మీకు నిజంగా తగ్గింది?