కొలాజెన్ పౌడర్ డబ్బుకు తగ్గ ఫలితం ఇస్తుందా?

లక్ష్మి: ముడతలకీ, మోకాళ్ల నొప్పికీ కొలాజెన్ (చర్మం, కీళ్లలో ఉండే ప్రోటీన్) పౌడర్ తాగమంటున్నారు. ఎంత మోతాదు? శాకాహార రకం ఉందా?

సురేఖ: లక్ష్మిగారూ, తాగిన కొలాజెన్ నేరుగా చర్మంలోకి చేరదండి. పేగుల్లో అమైనో ఆమ్లాలుగా (ప్రోటీన్‌లోని మూల భాగాలు), వాటి చిన్న గొలుసులైన పెప్టైడ్లుగా విడిపోతుంది. పరిశోధనల్లో రోజుకి 2.5 నుంచి 10 గ్రాముల హైడ్రోలైజ్డ్ పెప్టైడ్లు (ముందే చిన్న ముక్కలుగా విడగొట్టిన కొలాజెన్), 8–12 వారాలు ఇచ్చారు. చర్మంలో తేమ, సాగే గుణం కొద్దిగా పెరిగాయన్నారు. కానీ వాటిలో చాలావాటికి డబ్బు పెట్టింది అమ్మే కంపెనీలే. 2025లో 23 పరీక్షలను కలిపి చూస్తే, కంపెనీ సొమ్ము లేనివాటిలో ప్రయోజనం కనిపించలేదు. నా దృష్టిలో ముడతలకి ముందు కొనాల్సింది ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్.

రవి: శాకాహార కొలాజెన్ అని అమ్మేవాటిలో చాలావరకు కొలాజెనే ఉండదు, విటమిన్ సి, అమైనో ఆమ్లాలు ఉంటాయి. అసలుది చేప, పశువుల చర్మం, ఎముకల నుంచే వస్తుంది. చేప పడనివాళ్లు లేబుల్ చదవాలి.

సురేఖ: ఇంకోటి, కొలాజెన్‌లో ట్రిప్టోఫాన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం ఉండదు. పప్పు, పెరుగు, గుడ్డు మానేసి దీన్ని ప్రోటీన్‌గా లెక్కేస్తే లోటే. శరీరం కొలాజెన్ తయారుచేసుకోడానికి విటమిన్ సి కావాలి, దానికి ఉసిరి, జామ చాలు.

లక్ష్మి: మరి మోకాళ్లకి?

రవి: నొప్పి కొంత తగ్గవచ్చు, అరిగిన కీలు తిరిగి పెరుగుతుందన్న ఆధారం లేదు. తొడ కండరాల వ్యాయామం, బరువు తగ్గడం మీద నమ్మకం పెట్టుకోండి. కిడ్నీ జబ్బుంటే డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టొద్దు.