చలికి పామాయిల్ పేరుకుపోతోంది, కల్తీయా?

పటమటవాసి:
మాది విజయవాడ. ఈ చలికి తెల్లారేసరికి వంటింట్లో పామాయిల్ ప్యాకెట్ సగం తెల్లగా పేరుకుని ఉంటోంది, పక్కనే ఉన్న వేరుశనగ నూనెకి మాత్రం ఏమీ కాలేదు. మైనం కలిపారని మా అత్తగారు ఆ ప్యాకెట్ ముట్టుకోవట్లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి, పారేయాలా?

అరండల్‌పేట_కెమిస్ట్రీ:
పారేయకండి. పేరుకుందన్న ఒక్క కారణంతో కల్తీ అనలేం. పామాయిల్లో దాదాపు సగం సంతృప్త కొవ్వే, అందులోనూ ఎక్కువ పామిటిక్ ఆమ్లం. సంతృప్తం అంటే కార్బన్ గొలుసులో ఎక్కడా డబుల్ బాండ్ (రెండు కార్బన్ల మధ్య జంట బంధం) లేకుండా పట్టినన్ని హైడ్రోజన్లు పట్టేశాయని, ఆ గొలుసు తిన్నగా ఉంటుంది. అసంతృప్త కొవ్వైన ఒలీయిక్ ఆమ్లానికి నడిమధ్యలో ఒక డబుల్ బాండ్ ఉండి అక్కడ వంగుతుంది. రైతుబజారులో తిన్నటి ములక్కాడలు కట్ట కడితే బిగువుగా కుదురుతాయి, వంకరవి ఎంత బిగించినా సందులు మిగులుతాయి, ఇదీ అంతే, బిగువుగా కుదిరినవి విడిపోవాలంటే ఎక్కువ వేడి కావాలి. స్టియరిక్ ఆమ్లం అనే మరో సంతృప్త కొవ్వుకీ, ఒలీయిక్‌కీ 18 కార్బన్లే అయినా స్టియరిక్ కరగాలంటే 69 డిగ్రీలు కావాలి, ఒలీయిక్‌కి 13, 14 చాలు, రెండు డబుల్ బాండ్లున్న లినోలీయిక్ అయితే సున్నాకి కిందే కరిగిపోతుంది. నూనెలో ఇవి విడివిడిగా ఉండవు, మూడేసి చొప్పున గ్లిజరాల్ అనే చిన్న అణువుకి అతుక్కుని కలగలిసి ఉంటాయి, అందుకే అంతా ఒకేసారి గడ్డకట్టదు, సంతృప్తం ఎక్కువున్నవి ముందు తెల్లగా అడుక్కి దిగుతాయి. ప్యాకెట్‌ని కాసేపు గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి చూడండి.

మిర్చియార్డ్_దగ్గర:
కొబ్బరినూనె 24 డిగ్రీల కిందకి వస్తే సీసాలో రాయైపోతుంది, దాన్ని ఎవరూ అనుమానించరు. పామాయిల్ ఏం పాపం చేసిందండీ?

బ్రాడీపేట_పచ్చళ్ళు:
నాదో డౌట్. గుండెకి మంచిదని ఆవకాయ సన్‌ఫ్లవర్‌తో పెట్టమని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అలా పెట్టింది త్వరగా ముక్క వాసన వస్తుంది, పప్పునూనెతో పెట్టింది ఏడాదైనా నిలుస్తుంది. రెండూ అసంతృప్తమేగా?

అరండల్‌పేట_కెమిస్ట్రీ:
మంచి ప్రశ్న. మామూలు సన్‌ఫ్లవర్‌లో సగానికి పైగా లినోలీయిక్కే. దాని రెండు డబుల్ బాండ్ల మధ్య ఇరుక్కున్న కార్బన్ మీద హైడ్రోజన్ ఇట్టే ఊడిపోతుంది, ఆ చోటికి ఆక్సిజన్ వచ్చి పెరాక్సైడ్ అవుతుంది, అది విరిగితే వచ్చే ఆల్డిహైడ్లదే మీరన్న ముక్క వాసన. ఒకటి మొదలైతే పక్కదాన్నీ లాగుతుంది. పప్పునూనెలోనూ లినోలీయిక్ తక్కువేం కాదు, కానీ దాంట్లో సెసమోలిన్, దాన్నుంచి వచ్చే సెసమాల్ ఉండి ఆ వరసని మధ్యలోనే తెంపేస్తాయి. మన పెద్దవాళ్ళు ఈ పేర్లేవీ తెలియకుండానే నువ్వుల దగ్గర ఆగారు. ఎండ తగిలినా, ఇనుము, రాగి తగిలినా నూనె చెడటం వేగం పుంజుకుంటుంది, కాబట్టి పింగాణీ జాడీయే మేలు.

గవర్నర్‌పేట77:
సంతృప్తమైతే చెడదన్నమాట, అయితే డాల్డానే బెస్ట్ 😀

అరండల్‌పేట_కెమిస్ట్రీ:
నిలవ ఉంటుంది, నిజమే. కానీ డాల్డా లాంటి వనస్పతి కోసం నూనెకి నికెల్ సాయంతో హైడ్రోజన్ సగంసగం ఎక్కించినప్పుడు మిగిలిన డబుల్ బాండ్లలో కొన్ని సిస్ (వంగిన రూపం) నుంచి ట్రాన్స్ (తిన్నటి రూపం)కి తిరుగుతాయి. డబుల్ బాండ్ ఉన్నా గొలుసు మళ్ళీ తిన్నబడుతుంది, ఒలీయిక్‌కి ట్రాన్స్ రూపం కరగాలంటే 40 డిగ్రీలు దాటాలి. చెడు కొలెస్ట్రాల్‌ని పెంచి మంచిదాన్ని తగ్గించేది ఈ ట్రాన్స్ కొవ్వే. మన దేశంలో 2022 జనవరి నుంచి నూనెల్లో, వనస్పతిలో ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించకూడదు.

మిర్చియార్డ్_దగ్గర:
పటమట గారూ, ఇంకొకటి. పామాయిల్‌ని మెల్లగా చల్లార్చి పేరుకున్న భాగాన్ని వడకట్టేస్తారు. ఆ గట్టిది స్టియరిన్, సబ్బులకీ వనస్పతికీ పోతుంది, వడకట్టగా దిగిన పల్చటిది పామోలిన్. ప్యాకెట్ మీద పామోలిన్ అని ఉందా, ఉత్త పామాయిల్ అని ఉందా చూడండి. రెండోదైతే ఈ చలికి పేరుకోకపోతేనే అనుమానపడాలి.