రెయిడ్ 5లో రెండో డిస్కు కూడా పడిపోతే మనమే పైకి లేపవచ్చా?

అమలాపురం స్టూడియో: మా స్టూడియోలో 4 టీబీ డిస్కులు నాలుగింటితో రెయిడ్ 5 పెట్టె (ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా డిస్కులను కలిపి వాడేది) ఒకటి ఉంది. మాఘమాసపు పెళ్ళిళ్ల హడావుడిలో మూడో అరలోని డిస్కు ఎర్రలైటు చూపినా, ఫైళ్లు తెరుచుకుంటూనే ఉన్నాయి కదా అని నేను పట్టించుకోలేదు. మొన్నటి గాలివానకు కరెంటు నాలుగైదుసార్లు పోయి వచ్చాక మొదటి అరలోనిది కూడా పడిపోయి, మొత్తం వాల్యూమ్ కనిపించకుండా పోయింది. ఒకదానిని బలవంతంగా ఆన్‌లైన్ చేసి రీబిల్డ్ (పోయిన డిస్కులోనిదానిని మిగిలినవాటి నుంచి లెక్కకట్టి మళ్లీ రాయడం) పెట్టమని కొందరు, ముట్టుకోవద్దని కొందరు అంటున్నారు. ఏది సరైనదండీ?

భీమవరం సిస్టమ్స్: ఆన్‌లైన్ చేయండి. కరెంటు ఒడిదుడుకులకు పడిపోయిన డిస్కు చాలాసార్లు చెడిపోయినది కాదు, సమయానికి జవాబివ్వలేదని కంట్రోలర్ పక్కన పెట్టినది మాత్రమే. చెరువుల పక్కనున్న మా ఆఫీసులో సాటా కనెక్టరుకు చిలుము పట్టి ఇలాగే జరిగితే, తుడిచి బిగించగానే లేచింది.

రాజమండ్రి పాతకాపు: లేపడంతో నాకు పేచీ లేదు, భీమవరం గారూ, దేనిని లేపుతున్నామన్నదే పేచీ. రెయిడ్ 5లో ఒక డిస్కు లేకపోతే మిగిలిన మూడింటిని ఎక్సార్ (బిట్లను పోల్చే లెక్క) చేసి దానిలోనిది రాబడతారు. మూడో అరలోనిది మాఘంలోనే ఆగిపోయింది కనుక, ఆ తరువాత ఎక్కించిన పెళ్ళిళ్ల సంగతి దానికి తెలియదు; దానిని లెక్కలో చేర్చి రీబిల్డ్ పెడితే, పాత ముక్కలూ కొత్త ముక్కలూ కలిసిన తప్పు లెక్కను ఇప్పటికీ బాగున్న మొదటి అర డిస్కు మీద రాసేస్తుంది. అలా చెరిపేసినదానిని ఏ ల్యాబూ తిరిగి తేలేదు. ముందు డిస్కులపై అరల నంబర్లు రాసుకొని, ఒకటి, రెండు, నాలుగు డిస్కులను డీడీరెస్క్యూతో (చెడిన డిస్కుల నుంచి కాపీ తీసే ప్రోగ్రామ్) వేరే డిస్కులకు కాపీ తీసి, ఆ కాపీలనే రీడ్ ఓన్లీగా (చదవడమే తప్ప రాయకుండా) జత చేయండి.

భీమవరం సిస్టమ్స్: మూడు కొత్త డిస్కులు కొనగలిగినవారు బ్యాకప్పే పెట్టుకునేవారు కదండీ! ఏది పాతదో తెలుసుకోవడానికి లినక్స్‌లో రెయిడ్‌ను నడిపే ఎండీఆడ్మ్ ప్రోగ్రామ్ ఎగ్జామిన్ ఆదేశంలో ఈవెంట్స్ అంకె (రెయిడ్ స్థితి మారినప్పుడల్లా పెరిగే లెక్క; తక్కువున్నదే పాతది) చూస్తే చాలు, అది ఒక్క అక్షరం కూడా రాయదు.

రాజమండ్రి పాతకాపు: చూడడం వరకు ఒప్పుకుంటాను. అయితే రీబిల్డ్ మిగిలిన డిస్కులను మొదటినుంచి చివరిదాకా చదువుతుంది. మధ్యలో ఒక సెక్టార్ (డిస్కులోని చిన్న ముక్క) చదవలేకపోయినా చాలా పెట్టెలు అక్కడే ఆగిపోతాయి. కాపీ తీసేటప్పుడైతే ఆ సెక్టారును వదిలి ముందుకు పోవచ్చు. టకటకమనే శబ్దం వస్తే మాత్రం అదీ వద్దు, వెంటనే కరెంటు తీసేయండి.

అమలాపురం స్టూడియో: శబ్దం లేదండీ. డిస్కులను లినక్స్ కంప్యూటరుకు బిగించి చూస్తే, మొదటి అరలోనిది ఈవెంట్స్ లెక్కలో 6 మాత్రమే వెనుక ఉంది. మూడో అరలోనిది వేలల్లో వెనుకబడింది. దానిని తీసి బీరువాలో పెట్టాను. కాపీకి డిస్కులు మూడూ మా బావగారి దుకాణం నుంచి అరువు తెచ్చాను.