కమ్యూనిటీ పోస్టింగ్ అంటే సర్వే ఫారాలు నింపడమేనా? ఊర్లో నిజంగా నేర్చుకునేది ఏమైనా ఉందా?

ఓరుగల్లు_సిస్టర్

అందరికీ నమస్తే. హనుమకొండలో బీఎస్సీ నర్సింగ్ చదువుతున్నాను, ఐదో సెమిస్టర్. వచ్చే వారం నుంచి మాకు రూరల్ కమ్యూనిటీ పోస్టింగ్, అంటే ఊర్లో ఇల్లిల్లూ తిరిగి చేసే ట్రైనింగ్, పరకాల దిక్కు ఒక ఊరు ఇచ్చారు. సీనియర్ అక్కలను అడిగితే అందరిదీ ఒకటే మాట: "ఏముంటది, బస్సులో పోవుడు, ఫ్యామిలీ ఫోల్డర్ (ఒక్కో ఇంటి వివరాల ఫారం) నింపుడు, అంగన్‌వాడీ ముందు చార్టు పట్టుకొని హెల్త్ టాక్ ఇచ్చి ఫొటో దిగుడు, రికార్డు మీద సంతకం పెట్టించుకునుడు." ఒక అక్కయితే సగం ఇండ్ల వివరాలు చెట్టు కింద కూర్చొనే రాసేశాం అని నవ్వుకుంటూ చెప్పింది.

మా బ్యాచ్‌లో అందరి మనసూ వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో క్యాజువాలిటీ, ఐసీయూ పోస్టింగ్ మీదే ఉంది. అక్కడైతే చేతికి పని దొరుకుతుంది. పోయిన నెల ఒక రోజు అర్బన్ ఏరియాకు తీసుకుపోతే గడపలో కూర్చున్న ముసలమ్మ "మళ్లా వచ్చిన్రా, పోయినేడు కూడా రాసుకపోయిన్రు, ఏమిచ్చిన్రు?" అంది. ఏం చెప్పాలో తెలియలేదు, ఫారం మాత్రం నింపుకొని వచ్చాం. ఈసారి అలా కావద్దని ఉంది. ఫీల్డులో పనిచేసినవాళ్లు ఉంటే చెప్పండి, అక్కడ ఏం చూడాలి, ఏం చేయాలి, ఇది రేపు ఉద్యోగానికి ఏమైనా పనికొస్తుందా? కొంచెం టెన్షన్‌గా కూడా ఉంది, ఎవరైనా తిడితే ఎలా అని.

సబ్‌సెంటర్_అక్క

చెల్లె, నేను ములుగు జిల్లాలో ఏఎన్ఎంని. కాలేజీ పిల్లలు మా దగ్గరకూ వస్తారు, కాబట్టి ఈ సర్వేల సంగతి రెండు వైపుల నుంచీ చూసినదాన్నే.

మొదటి మాట, టైము. మీ బస్సు పదింటికి వచ్చి నాలుగింటికి పోతుంది కదా. ఇప్పుడు పత్తి ఏరే రోజులు. పొద్దున ఏడున్నర దాటితే ఊర్లో పనిచేసే మనిషి ఒక్కరు దొరకరు, ఆడవాళ్లంతా చేన్లలో ఉంటారు, సాయంత్రం చీకటి పడితే గానీ రారు. ఇంకో రెండు నెలలయితే మిర్చి ఏరడం, అప్పుడు కొన్ని ఇండ్లకు తాళాలే. మీ ఫారంలో "ఇంట్లో ఎవరూ లేరు" అని రాసుకొని పక్కింటికి పోతారు, పక్కిల్లూ అంతే. మీ మేడంను అడిగి ఒకటి రెండు రోజులైనా పొద్దున ఆరున్నరకు ఊర్లో ఉండేటట్టు చూసుకోండి. అది కుదరకపోతే పగటి పూట ఇంట్లో ఎవరుంటారో వాళ్లనే చూడండి. ముసలోళ్లు, బాలింతలు, ఆపరేషన్ అయినోళ్లు, పక్షవాతం వచ్చి మంచాన పడ్డోళ్లు. నిజానికి నర్సుతో ఎక్కువ అవసరం ఉన్నది వాళ్లకే.

రెండోది, ఊరంతా తిరగకండి. ఆశా అక్కను పట్టుకొని, ఈ ఊర్లో నువ్వు ఎవరి గురించి బాధపడుతున్నవ్ అని అడగండి. పేర్లు ఆమె నోట్లోనే ఉంటాయి: బీపీ మందు మానేసిన ఫలానా తాత, రక్తం తక్కువున్న గర్భిణి, నెలలు నిండకముందే పుట్టిన బిడ్డ. అందులో నాలుగైదు ఇండ్లు మీవి అనుకొని పోస్టింగ్ అయిపోయేదాకా మళ్లీ మళ్లీ వాటికే పోండి. ఒక ఇంటికి మొదటిసారి పోతే మందులు వేసుకుంటున్నాం అనే చెప్తారు. రెండోసారి పోయినప్పుడు డబ్బా తెచ్చి చూపిస్తారు. మూడోసారి గానీ అసలు సంగతి బయటికి రాదు, "తల తిరిగినప్పుడే వేసుకుంటున్న బిడ్డా, రోజూ వేసుకుంటే అలవాటయితదట" అని. మా దగ్గర బీపీ ఉన్నోళ్లలో చాలామంది సంగతి ఇదే. బీపీ ఎక్కువున్నా ఏ బాధా తెలియకపోవచ్చు, తల తిరిగేదాకా ఆగితే అప్పటికే కిడ్నీకో మెదడుకో దెబ్బ తగిలి ఉండొచ్చు. ఈ మాట వాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం ఏ వార్డులో నేర్పుతారు?

ముసలమ్మ అడిగిన దాంట్లో తప్పేం లేదు. 2022లో ములుగు, సిరిసిల్ల జిల్లాల్లో హెల్త్ ప్రొఫైల్ అని ఇల్లిల్లూ తిరిగి పరీక్షలు చేసినప్పుడు కూడా జనం నన్ను అడిగింది "నా రిపోర్టు ఏది" అనే. మీరు బీపీ చూస్తే ఆ నంబరు చీటీ మీద రాసి తేదీ వేసి వాళ్ల చేతిలో పెట్టండి. రేపు పీహెచ్‌సీకి పోతే ఆ చీటీ చూపిస్తారు.

బుధవారం, శనివారం టీకాల రోజులు, ఆ రోజుల్లో మీ ఊరి ఏఎన్ఎం దగ్గర ఉండండి. డ్యూ లిస్టు (టీకా వేయాల్సిన పిల్లల పేర్లు) చూసి ఆరు, పది, పద్నాలుగు వారాల పిల్లల్లో ఎవరు రాలేదో మీరే ఇంటికి పోయి కనుక్కోండి. అమ్మగారింటికి పోయి ఉంటారు, లేదా మొన్న వేసిన టీకాకు జ్వరం వచ్చిందని అత్త వద్దని ఉంటుంది. తల్లిని ఒప్పిస్తే సరిపోదు, అత్తతో మాట్లాడాలి.

నైట్‌డ్యూటీ_స్టాఫ్

అందరూ మంచి మాటలే చెప్తారు, నేను ఉన్నది ఉన్నట్టు చెప్తా. హైదరాబాద్‌లో కార్పొరేట్ ఆస్పత్రిలో చేస్తున్నా. ఇంటర్వ్యూలో నన్ను వెంటిలేటర్ సెట్టింగులు, ఏబీజీ (రక్తంలో ఆక్సిజన్ లాంటివి చూసే పరీక్ష) గురించి అడిగారు, కమ్యూనిటీ గురించి ఒక్క ముక్క అడగలేదు. నా బ్యాచ్‌లో జర్మనీకి పోతామని టామ్‌కామ్‌లో (విదేశీ ఉద్యోగాలకు పంపే మన ప్రభుత్వ సంస్థ) భాష నేర్చుకుంటున్నోళ్లు కూడా ఉన్నారు, వాళ్ల సర్టిఫికెట్లలోనూ అందరూ వార్డు అనుభవమే చూపిస్తున్నారు. పోస్టింగ్ బుద్ధిగా చేయి, మార్కులు తెచ్చుకో, కానీ దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోకు. ఊర్లో నర్సుకు ఉద్యోగం అంటే ఎక్కువగా కాంట్రాక్టు, జీతం ఎప్పుడు పడుతుందో వాళ్లకే తెలియదు.

ట్యూటర్_మేడం

పైన తమ్ముడు చెప్పిన జీతం సంగతి నిజమే, దాన్ని కాదనలేను. ఉద్యోగాల సంగతి మాత్రం సగమే చెప్పాడు. స్టాఫ్ నర్సు ప్రభుత్వ పరీక్ష సిలబస్‌లో కమ్యూనిటీ హెల్త్ ఉంటుంది. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద సబ్ సెంటర్లను వెల్‌నెస్ సెంటర్లుగా మార్చడం మొదలుపెట్టినప్పుడు దేశంలో చాలా రాష్ట్రాలు అక్కడ కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లుగా పెట్టింది నర్సులనే, ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు చేయించి. మన దగ్గర పల్లె దవాఖానల్లో ఎంబీబీఎస్, ఆయుర్వేద డాక్టర్లతో పాటు ఆ కోర్సు చేసిన నర్సులకూ చోటిచ్చారు. ప్రసవాల మీద ఇష్టం ఉంటే పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ కూడా ఉంది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లే అని తేలింది, ఆ శిక్షణ ఎందుకు పెట్టారో దాన్ని బట్టే తెలుస్తుంది.

ఇక నీ పోస్టింగ్. బ్యాగ్ టెక్నిక్, అంటే ఇండ్లకు తీసుకుపోయే నర్సు బ్యాగును శుభ్రంగా వాడే పద్ధతి, అంటే పిల్లలు నవ్వుతారు, పేపర్ పరిచి దాని మీద బ్యాగు పెట్టడం ఏంటని. వైవాలో అడుగుతారని బట్టీ పట్టకు, ఎందుకో ఆలోచించు. ఒక ఇంట్లో టీబీ, పక్కింట్లో పది రోజుల పసిబిడ్డ, రెండిండ్లకూ ఒకే బ్యాగు పోతుంది. చేతులు ముందే కడుక్కోవడం, వాడిన వస్తువు మళ్లీ శుభ్రమైన అరలో పెట్టకపోవడం అందుకే. సబ్బు, చిన్న టవల్ నీవే తీసుకుపో, ఆ ఇంట్లో ఉంటుందని అనుకోకు. మూత్రంలో షుగర్ చూసే బెనెడిక్ట్ పరీక్ష స్పిరిట్ ల్యాంపుతో చేయడం ఇప్పుడు ఎవరికీ అవసరం లేదు, స్ట్రిప్పులు ఉన్నాయి, అయినా కొందరు ఎగ్జామినర్లకు అదంటే మహా ప్రేమ, నేర్చుకొని పో.

హెల్త్ టాక్ గురించి కూడా ఒక మాట. రక్తహీనత మీద చార్టు వేసి ఆకుకూరలు తినండి అని చెప్పడం కన్నా, గర్భిణి ఇంటికి పోయి ఐరన్ మాత్రలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టు. ఆరు నెలలకు 180 మాత్రలు ఇస్తారు, సగం స్ట్రిప్పులు అల్మారాలోనే ఉంటాయి. ఎందుకు మానేసిందో అడుగు. వికారం అంటుంది, మలం నల్లగా వస్తుందని భయపడ్డానంటుంది, బిడ్డ పెద్దగయితే కాన్పు కష్టమని ఎవరో చెప్పారంటుంది. నల్లగా రావడం మామూలే అని చెప్పు. రాత్రి అన్నం తిన్నాక పడుకునే ముందు వేసుకుంటే వికారం తగ్గుతుంది. దాంతో పాటు చాయ్ తాగొద్దు, కాల్షియం మాత్రతో కలిపి వేసుకోవద్దు, నిమ్మరసం తాగితే మంచిది. ఈ నాలుగు ముక్కలూ ఆమెకు పనికొస్తాయి, నీ కేర్ ప్లాన్‌లో (రోగికి ఏం చేయాలో రాసే రికార్డు) కూడా ఇవే రాయి. అందరి రికార్డుల్లో ఒకటే కేర్ ప్లాన్ ఉంటుంది, మేం చూసీ చూడనట్టు సంతకం పెడతాం, అది మా తప్పే అనుకో.

చిట్యాల_రైతుబిడ్డ

నేను నర్సింగ్ కాదు, కామెంట్ పెట్టొచ్చో లేదో. మాది భూపాలపల్లి జిల్లా. మా ఊరికి ప్రతి సంవత్సరం తెల్ల కోటులు వేసుకొని పిల్లలు వస్తారు, ఆదాయం ఎంత, లెట్రిన్ ఉందా, నల్లా ఉందా, ఇంట్లో ఎవరు తాగుతారు అని అడుగుతారు. చివరి ప్రశ్న నలుగురి ముందు అడిగితే ఎవరు నిజం చెప్తారండి? మా నాన్న నాకు అలవాటే లేదు అని రాయించాడు, ఊరంతా నవ్వింది.

కానీ ఒకసారి ఒక అమ్మాయి వచ్చి మా అమ్మ ఇన్సులిన్ ఎక్కడ వేసుకుంటుందో చూపించమంది. రోజూ పొట్ట మీద ఒకే చోట వేసుకోవడంతో అక్కడ గడ్డకట్టినట్టు అయింది, దాంతో మందు సరిగ్గా ఎక్కట్లేదట, అందుకే షుగర్ అటూ ఇటూ అవుతుందట. చోటు మార్చి ఎలా వేసుకోవాలో బొమ్మ గీసి ఇచ్చింది. ఫ్రిజ్ లేకపోతే తడి కుండలో ఎలా పెట్టాలో కూడా చెప్పింది. అంతకుముందు ఇన్ని ఆస్పత్రులు తిరిగాం, అమ్మ పొట్ట మీద చెయ్యి పెట్టి చూసినోళ్లే లేరు. ఆ బొమ్మ ఉన్న కాగితం మొన్నటిదాకా సెల్ఫులోనే ఉంది. మీ ఫారాలు ఎటు పోతాయో మాకు తెలియదు, చివరి రోజు ఊరోళ్లను కూర్చోబెట్టి మీ ఊర్లో ఇంతమందికి బీపీ ఉంది, ఈ వాడలో నీళ్లు ఇలా ఉన్నాయి అని చెప్పి పోతే బాగుంటుంది. అలా చెప్పినోళ్లు ఇప్పటిదాకా లేరు.

నైట్‌డ్యూటీ_స్టాఫ్

ఇన్సులిన్ గడ్డల మాట నిజం. మా వార్డుకు షుగర్ 400తో వచ్చేవాళ్లలో ఆ పొట్ట చాలాసార్లు చూస్తాం, చూశాక కూడా డోసు పెంచుడే గానీ ఇంటికి పోయి ఎలా వేసుకుంటాడో చూసేవాడు లేడు. సరే, ఆ విషయంలో ఒప్పుకుంటా. జీతాల విషయంలో మాత్రం నా మాట మారదు.

ఓరుగల్లు_సిస్టర్

అందరికీ చాలా థాంక్స్. తాగుడు ప్రశ్న నలుగురి ముందు అడగొద్దని రాసిపెట్టుకున్నాను. పొద్దున ఆరున్నర సంగతి మేడంను అడిగాను, రెండు రోజులకు ఒప్పుకున్నారు, బస్సు మాత్రం ఇవ్వరట, ఆటో మాట్లాడుకోవాలి. అక్కా, ఒక్క డౌట్. ఎవరికైనా బీపీ 180 వస్తే అప్పుడు మేమేం చేయాలి? చెప్తే భయపడతారు, చెప్పకపోతే తప్పు.

సబ్‌సెంటర్_అక్క

చెప్పాల్సిందే, కాకపోతే మెషిన్ చూసి మొహం మాడ్చుకోకు. ముందు ఐదు నిమిషాలు కూర్చోబెట్టు, చుట్ట, బీడీ, చాయ్ ఇప్పుడే తాగారా అడుగు, చెయ్యి గుండె ఎత్తులో ఆనించి మళ్లీ చూడు. అప్పుడూ ఎక్కువే ఉండి, ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మాట తడబడడం, కాలో చెయ్యో పట్టు తప్పడం లాంటివి ఏమున్నా 108కి ఫోన్ చేయాలి. అవేవీ లేకపోతే మీ మేడంకు, ఆ ఊరి ఏఎన్ఎంకు వెంటనే చెప్పి అదే రోజు పీహెచ్‌సీకి పంపండి. ఇంట్లో ఉన్న పాత మాత్ర ఇంకొకటి వేసుకొమ్మని మీరు చెప్పొద్దు.

గర్భిణి అయితే 180 దాకా పోనక్కర్లేదు, 140/90 వచ్చినా అదే రోజు డాక్టరు చూడాలి. దానికి తలనొప్పి, కళ్లు మసకలు, పైకడుపు నొప్పి తోడయితే ఒక్క గంట కూడా ఆగొద్దు, 108 పిలవండి. ముందే పీహెచ్‌సీ నంబరు, ఏఎన్ఎం నంబరు, ఆశా నంబరు ఫోన్‌లో పెట్టుకొని పో. మెషిన్‌కు కొత్త బ్యాటరీలు వేసుకో, లోపలి వాడల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి ఆ నంబర్లు కాగితం మీద కూడా రాసుకో.