సముద్రాన్ని పైనుంచి చూడాలంటే వైజాగ్ పోవాల్సిందేనా?

సముద్రపు గాలి:
వచ్చే ఆదివారం ఇంటిల్లిపాదీ విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా కారులో వెళ్తున్నాం. సముద్రాన్ని ఎత్తు మీంచి చూడాలని అమ్మ కోరిక. మా బావేమో "మన వైపు ఇసుక తప్ప ఏముంది, బండి వైజాగ్ తిప్పు" అంటున్నాడు. ఒక్క శ్రీకాకుళం జిల్లాకే 193 కిలోమీటర్ల తీరం ఉంది. అందులో ఒక్క ఎత్తైన చోటు కూడా లేదా?

కోట జంక్షన్:
కోపం తెచ్చుకోకండి, మీ బావగారిదే రైటు. వైజాగ్‌లో తూర్పు కనుమల కొసలు సముద్రం దాకా వచ్చి ఆగుతాయి. కైలాసగిరి, తొట్లకొండ, డాల్ఫిన్ నోస్ అన్నీ అలా వచ్చినవే. మన దగ్గర కొండలు లోపలికి జరిగిపోయాయి. ముందున్నదంతా నాగావళి, వంశధార, మహేంద్రతనయ మోసుకొచ్చి పోసిన మట్టీ ఇసుకా, వాటి మీద సరుగుడు తోటలూ. లేనిది ఉందని చెప్పి పెద్దావిడని తిప్పడం దేనికి?

జీడితోట:
కొండ అలల్లోనే కాలు పెట్టి నిలబడాలా ఏటి? శాలిహుండం ఎక్కండి. శ్రీకాకుళం నుంచి సుమారు 18 కిలోమీటర్లు. బౌద్ధ స్తూపాల కొండ. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు వెలుగులోకి తెచ్చిన చోటు. పైకెళ్లి తూర్పుకి తిరిగితే కింద వంశధార, ఇసుక తిన్నెలు, దూరాన కళింగపట్నం వైపు సముద్రం. దగ్గర్లో రేవు, కింద నది. ఆ రోజుల్లో భిక్షువులు చూసి చూసి ఆ కొండనే పట్టారు. వైజాగ్‌లో సముద్రం ఒక్కటే కనిపిస్తుంది. ఇక్కడ ఏరు దాన్లో కలవడానికి పోతూ కనిపిస్తుంది.

కోట జంక్షన్:
అది నదిని చూసే చోటండీ. సముద్రం గీతలా ఉంటుంది. మంచు పడితే ఆ గీతా ఉండదు.

జీడితోట:
ఆ గీత కోసమే నాలుగుసార్లు ఎక్కాను.

వలతాడు:
కొండల గొడవ మీరు తేల్చుకోండి గానీ, కిందకి దిగాక జాగ్రత్త. కిందటేడు నేను తెలివి ఎక్కువై కారుని తడి ఇసుక మీదకి తోలాను. నాలుగు చక్రాలూ దిగబడ్డాయి, పోటు మొదలైంది. వేటకెళ్లి వచ్చినవాళ్లు తాడు కట్టి లాగారు. "ఏటి బావూ, ఇది రోడ్డేటి?" అన్నారు. డబ్బిస్తే తీసుకోలేదు. ఇంటికొచ్చాక కూడా ఆ మాటే చెవిలో మోగింది.

ఇంకొకటి. వైజాగ్ వైపే వెళ్తే దారిలో భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు తగులుతాయి. 2014లో భూవారసత్వ స్థలంగా గుర్తించారు. చూడండి, కానీ అంచుకి పోకండి. అది రాయి కాదు, గట్టిపడిన ఇసుక. వాన నీరు కోసుకుపోయి వాగుల్లా చీలింది, పైన గట్టిగా కనిపించినా కింద డొల్ల ఉండొచ్చు. విజయనగరం జిల్లా చింతపల్లిలో లైట్‌హౌస్ ఎందుకు కట్టారనుకున్నారు? సముద్రంలో రాళ్లున్నాయని ఓడలకి చెప్పడానికే. ఒడ్డునైనా పాచి పట్టిన రాళ్ల మీదకి ఎక్కి సెల్ఫీ అంటే నాకు టెన్షన్.

కోట జంక్షన్:
అందుకే కదా రెయిలింగూ పార్కింగూ ఉన్న చోటికి వెళ్లమంటున్నా!

జీడితోట:
రెయిలింగ్ చూడ్డానికా వెళ్లేది?

సముద్రపు గాలి:
చెప్పడం మరిచాను, అమ్మకి మోకాళ్ల నొప్పులు.

జీడితోట:
అది ముందే చెప్పాలి కదండీ! శాలిహుండంలో మెట్లెక్కాలి. మోకాళ్ల మాటైతే కైలాసగిరికి మొత్తం రోడ్డే, రోప్‌వే కూడా ఉంది. ఈ ఒక్క విషయంలో కోట జంక్షన్ గారికి దణ్ణం.

సముద్రపు గాలి:
అమ్మ ఇదంతా చదివింది. శాలిహుండమే అంటోంది, ఎక్కగలిగినంత ఎక్కుతుందట. పొద్దున్నా, సాయంత్రమా?

జీడితోట:
మధ్యాహ్నం మూడు దాటాక. పొద్దున్నైతే తూర్పు ఎండ నేరుగా కళ్లలో కొడుతుంది. సాయంత్రం సూర్యుడు వీపు వెనక ఉంటాడు, నది మెరుస్తుంది. నీళ్లు పట్టుకెళ్లండి.

సముద్రపు గాలి:
సరే. బావ బండి తోలనన్నాడు. తమ్ముడు తోలుతాడు.