సమస్యాపూరణం: తక్కువను వీడి యెక్కువ దరికిఁ జేరె

మోడరేటర్: ఈ వారం పాదం ఇదీ.

*తక్కువను వీడి యెక్కువ దరికిఁ జేరె*

విషయం వ్యాపనం, అంటే అణువులు వాటంతటవే విస్తరించడం. ఫిక్ అనే శాస్త్రవేత్త 1855లో లెక్క కట్టి పెట్టినప్పటి నుంచీ ఎక్కువ నుంచి తక్కువకే అని అందరం వల్లె వేస్తున్నాం. నిన్న ఎవరో అదే పాఠం చెబుతుంటే, తిరగేస్తే ఎలా ఉంటుందా అనిపించింది. షరతులు రెండే. కలలో కనపడిందనో, వీడియో వెనక్కి తిప్పామనో తప్పించుకోకండి. పంపులు పెట్టి తోయకండి.

చిట్టిలఘువు: పంపులు వద్దంటే నా పద్యం పోయినట్టే. జీవకణం తన ఇంధనమైన ఏటీపీని ఒక్కటి ఖర్చుపెట్టి మూడు సోడియం అయాన్లను బయటికి గెంటుతుంది, బయట అవి ఎక్కువున్నా సరే. మూడు పాదాలూ అయ్యాక షరతు చూశాను!

మోడరేటర్: గెంటడం వ్యాపనం కాదమ్మా.

చిట్టిలఘువు: సరే, ఎవరినీ గెంటకుండా:

ఉప్పు దాటని పలుచని యొక్క పొరను
నీరు తా దాటె సులువుగ నిలువకుండ
ఉప్పు చాలని దిక్కున నుండలేక
తక్కువను వీడి యెక్కువ దరికిఁ జేరె

పాతసిరా: ధార బాగుంది. "పలుచని యొక్క" దగ్గర షష్ఠి అనుకుని ఒక్క క్షణం తడబడ్డాను. అసలు పేచీ వేరు. తక్కువ ఎక్కువలు ఎవరివి? ఉప్పువి. దాటిందెవరు? నీరు. నీటి లెక్కలో చూస్తే అది తాను ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకే వెళ్ళింది. ఒకరి ఖాతా ఇంకొకరి పేరున రాశారు.

మోడరేటర్: ఆ ఖాతా మార్చడమే పూరణ, పాతసిరా గారూ. నాకు నచ్చింది.

కొత్తకలం: ఇక్కడ ఇదే మొదటిసారి, కొంచెం టెన్షన్‌గా ఉంది. తప్పులుంటే చెప్పండి. నాది అణువు గురించి కాదు, దానికి పట్టే కాలం గురించి.

అడుగు రెట్టింపు జేసిన నంత లోనె
నాల్గు రెట్లాయె కాలము నడక కొఱకు
సెంటు వాసన గది దాటు సమయ మిట్లు
తక్కువను వీడి యెక్కువ దరికిఁ జేరె

మువ్వలగణం: తమ్ముడూ, ఆలోచన అదిరింది! అందరం అణువు వెంట పడితే నువ్వు గడియారం పట్టుకున్నావు. ముందుకెన్ని అడుగులో వెనక్కీ దాదాపు అన్నే కాబట్టి దూరం కాలానికి వర్గమూలంగానే పెరుగుతుంది. నిలకడ నీటిలో చక్కెర అణువు మైక్రాన్ దూరం ఒక మిల్లీసెకనులో పోతుంది, అదే సెంటీమీటరుకైతే రోజు దాటుతుంది. మూడో పాదంలో మాత్రం యతి (పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన చోటు) సెం–స. హల్లు కలిసింది, స్వరం కలవలేదు.

మోడరేటర్: "గంధ మీ గది దాటెడి కాల మిట్లు" అంటే సరిపోతుంది.

పాతసిరా: యతి సరిపోయింది, గది సరిపోలేదు. గాలిలో వాసన అణువుకు 5 మీటర్లు ఉత్త వ్యాపనంతో దాటాలంటే దాదాపు రెండు వారాలు. మనకు నిమిషంలో వాసన తగులుతోందంటే అది గాలి కదలికల పుణ్యం. ఆ పద్యంలో పాత్ర రెండు వారాలు ముక్కు ఎక్కుపెట్టి కూర్చోవాలి.

కొత్తకలం: "కాలం ఎక్కువ దరికి చేరె" అని నేనూ అదే అన్నాను కదండీ!

చిట్టిలఘువు: హహ, కొత్త కలానికి పదునుంది.

మువ్వలగణం: ఇక నాది. ఖాతాలు మార్చలేదు, గడియారం చూడలేదు. నిజంగానే తక్కువ నుంచి ఎక్కువకు.

సిలికనున్నట్టి యుక్కున చింతఁ జెంది
కార్బనణువులు పొరుగింటి గడప దాటె
సాంద్రతను గాక తృప్తిని చాల వెదకి
తక్కువను వీడి యెక్కువ దరికిఁ జేరె

1949లో డార్కెన్ అనే లోహ శాస్త్రవేత్త చేసిన ప్రయోగం ఇది. కార్బన్ దాదాపు సమానంగా ఉన్న రెండు ఉక్కు ముక్కలు, ఒకదానిలో మాత్రం సిలికాన్ ఎక్కువ. అతికించి 1050 డిగ్రీల సెల్సియస్ దగ్గర 13 రోజులు ఉంచితే, కార్బన్ సిలికాన్ వైపు ఖాళీ చేసి ఇవతలి వైపు పోగుపడింది. సమానం అయ్యాక కూడా ఆగలేదు.

కొత్తకలం: "గాక తృప్తి"లో క గురువు అవదా అండీ?

మోడరేటర్: అవదు. తృలో ఉన్నది వట్రసుడి, సంయుక్తం కాదు. మంచి అనుమానమే.

పాతసిరా: ఛందస్సు సరే. సిలికాన్‌లో దీర్ఘం ఎవరు తిన్నారు? కార్బన్‌కు తృప్తి ఏమిటి? అణువులు చింతపడి, తృప్తి వెతుక్కుంటూ ఇల్లు మారతాయా?

మువ్వలగణం: వ్యాపనాన్ని నడిపేది నిజానికి సాంద్రత తేడా కాదు, కెమికల్ పొటెన్షియల్ తేడా, అంటే అణువును అక్కడి నుంచి కదిలిపొమ్మనే ఒత్తిడి లాంటిది. సిలికాన్ పక్కనుంటే కార్బన్‌కు ఆ విలువ పెరుగుతుంది, అందుకే పారిపోతుంది. దాన్నే తృప్తి అన్నాను. దీర్ఘం సంగతంటారా, నా సిలికాన్ సగమైనా సిలికాన్‌గానే ఉంది. "కదలనట్టిదె కదలెను గాదె చూడ" అన్న సమస్యకు తమరేం రాశారో గుర్తుందా? "ఇత్తడిని జుట్టి యుంచిన యినుప తీగె." ఇత్తడి దిమ్మకు తీగెలు చుట్టి పైన రాగి పూత పూసిన 1947 నాటి కిర్కెండాల్ ప్రయోగంలో ఇనుము ఎక్కడిది? అవి మాలిబ్డినం తీగెలు. ఇత్తడిలోనూ రాగిలోనూ కలవదనే దాన్ని గుర్తుగా పెట్టారు. యతి కోసం లోహాన్నే మార్చేసిన రసవాది మీరు!

చిట్టిలఘువు: మళ్ళీ మొదలైంది.

పాతసిరా: ఆ పద్యానికి ఆరోజు మెచ్చుకోళ్ళు వచ్చాయి, ఇప్పటికీ అక్కసు తీరలేదన్నమాట. రాగి లోపలికి వచ్చేదానికన్నా జింక్ బయటికి వేగంగా పోతుంది, లోపల బరువు తగ్గి తీగెలు దగ్గరికి జరుగుతాయి. ఆ విషయం పద్యంలో ఉంది కదా. మాలిబ్డినం ఏ తేటగీతిలోనూ పట్టదు, కావాలంటే ప్రయత్నించండి.

మువ్వలగణం: "నాడు చుట్టిన మాలిబ్డినమ్ము తీగె." యతి నా–న. రెండు నిమిషాలు పట్టింది.

మోడరేటర్: 😄 పాత సమస్య పాత పోస్టులో. పాతసిరా గారూ, ఈ వారానిది ఇంకా రాలేదు.

పాతసిరా: ఉక్కులూ పొరలూ అక్కర్లేదు. వ్యాపనం అంటే మంద లెక్క, అంతే. పలచని వైపు నుంచి చిక్కని వైపుకు కూడా ప్రతి క్షణం అణువులు పోతూనే ఉంటాయి. ఎదురు వచ్చేవి ఎక్కువ కాబట్టి మనకు ఒక దిశే కనిపిస్తుంది. 1827లో బ్రౌన్ నీటిలో పుప్పొడి లోంచి వచ్చిన సూక్ష్మ రేణువుల గెంతులు చూసినా, 1905లో ఐన్‌స్టీన్ వాటికి లెక్క కట్టినా, ఏ ఒక్క రేణువుకూ ఎటు పోవాలో ఎవరూ చెప్పలేదు.

ఒక్క యణువున కెక్కడి యూరు పేరు
దెబ్బ దెబ్బకు దారినే తిప్పు కొనుచు
మంద యటు పోవ నిది యొంటి మార్గమెంచి
తక్కువను వీడి యెక్కువ దరికిఁ జేరె

మోడరేటర్: ఇదండీ విరుపు! నా పాదంలో అసాధ్యం ఏమీ లేదని తేల్చేశారు. కొంచెం ఉక్రోషంగా కూడా ఉంది.

చిట్టిలఘువు: రెండో పాదం రెండుసార్లు చదివాను. నిజంగా దెబ్బలు తగిలినట్టే ఉంది.

మువ్వలగణం: బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ మార్గమెంచి? ఎంచింది ఎవరు? ఊరూ పేరూ లేని అణువు, దెబ్బ తగిలిన వైపుకు తిరిగే అణువు, మూడో పాదానికి వచ్చేసరికి ఆలోచించి దారి ఎంచుకుందా? నా కార్బన్‌కు తృప్తి ఉండకూడదు గానీ మీ అణువుకు ఇష్టాయిష్టాలు ఉండొచ్చా?

కొత్తకలం: అవును కదా!

మోడరేటర్: ఇందాక అణువులకు మనసు వద్దన్నది మీరే, పాతసిరా గారూ.

పాతసిరా: "మార్గమందు" అని మార్చాను. గణాలు అవే, యతి అదే. పనిలో పనిగా పాత పోస్టులో మాలిబ్డినం కూడా ఎక్కించేశాను. కింద పేరు మాత్రం నాదే ఉంచాను.