పాత ఫైబర్ బోటుకి 25 హెచ్‌పి ఇంజిన్ బిగించొచ్చా?

భైరవపాలెం కుర్రాడు:
అందరికీ నమస్కారమండి. మాది 24 అడుగుల ఫైబర్ బోటు, పన్నెండేళ్లది. దానికున్న 9.9 హెచ్‌పి టూ స్ట్రోక్ ఇంజిన్ ఇక రిపేరుకి కూడా లొంగేలా లేదు. వలలు, ఐసు పెట్టె, నలుగురు మనుషులతో వేట నుంచి తిరిగొస్తుంటే, మొగ దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, పాటు (సముద్రంలోకి వెనక్కి లాగే నీరు) ఎదురైనప్పుడు బోటు ముందుకి జరగడమే కష్టంగా ఉంటోంది. 25 హెచ్‌పి ఫోర్ స్ట్రోక్ తీసుకుందామని నేను, 15 చాలని మా నాన్న. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఏం చేయమంటారు?

ఓడలరేవు:
25 తీసుకో తమ్ముడూ. వైనతేయ మొగలో ఇసుక మేట మీద అల విరిగే చోట చిక్కుకున్నప్పుడు, రేజ్ ఇస్తే బోటు వెంటనే కదలాలి. అక్కడ ఇంజిన్ ఆయాసపడిందంటే బోటు అలకి అడ్డం తిరుగుతుంది, ఇక అంతే. పైగా పెద్ద ఇంజిన్ ఎప్పుడూ సగం రేజ్‌లోనే నడుస్తుంది కాబట్టి ఎక్కువ కాలం వస్తుంది. చిన్నదాన్ని రోజూ చివరిదాకా తిప్పి చంపుకోవడం దేనికి?

తాళ్లరేవు పడవ పని:
ఇద్దరూ హెచ్‌పి గురించే మాట్లాడుతున్నారు, బోటు గురించి ఒక్క మాటా లేదు. పన్నెండేళ్ల ఫైబర్ బోటు అంటున్నావు బాబూ, ఇంజిన్ బిగించే వెనక పలక ఎలా ఉందో చూశావా? పైన ఫైబర్ నున్నగా మెరుస్తూనే ఉంటుంది. లోపలుండేది ప్లైవుడ్. బోల్టు కన్నాల్లోంచి ఏళ్ల తరబడి నీళ్లు దిగి అది కుళ్లిపోతుంది, బయటికి ఏమీ కనపడదు.

పాత ఇంజిన్ విప్పకముందే ఈ పని చేయి. బోటు ఒడ్డుకి లాగి, ఇంజిన్‌ని సగం పైకి లేపి, కింద ఫ్యాను (ప్రొపెల్లర్) దగ్గర గేర్ కేసు పట్టుకుని పైకీ కిందికీ గట్టిగా ఊపు. ఇంకొకర్ని పలక దగ్గర కూర్చోబెట్టి చూడమను. ఇంజిన్‌తో పాటు పలక కూడా వంగుతుంటే లోపల చెక్క పోయినట్టే. తర్వాత సుత్తి పిడితో పలకంతా తట్టుకుంటూ రా. టక్ టక్ మని గట్టిగా మోగితే మంచిదే. దబ్ దబ్ మంటే నీళ్లు తాగింది. ఇంకా అనుమానముంటే లోపలి వైపు నుంచి, కింది భాగంలో సన్న డ్రిల్లుతో చిన్న కన్నం వేయి. పొట్టు పొడిగా, లేత రంగులో రావాలి. తడిసిన టీ పొడిలా వచ్చిందంటే 25 మాట అటుంచు, 15 కూడా బిగించకూడదు.

నీ పాత టూ స్ట్రోక్ 40 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. 25 ఫోర్ స్ట్రోక్ అంటే 60 దగ్గర ఉంటుంది, కొన్ని ఆ పైనే. బరువొక్కటే కాదు, రేజ్ ఇచ్చినప్పుడల్లా ఆ తోపు మొత్తం పలక మీదే పడుతుంది. వెనక కిందికి కుంగిన బోటు మొగలో ఉంటే, వెనక నుంచి వచ్చే అల సరాసరి లోపలికే వస్తుంది. ఓడలరేవు తమ్ముడు భయపడే చోటే ఇదీ జరుగుతుంది.

ఓడలరేవు:
పలక మాట ఒప్పుకుంటాను బాబాయ్. మరి గట్టిగా ఉంటే? అప్పుడైనా 25 వేయొచ్చు కదా?

తాళ్లరేవు పడవ పని:
అప్పుడు అడుగు చూడాలి. వెనక భాగం వెడల్పుగా, అడుగు చదునుగా ఉంటే బోటు నీళ్ల మీదికి లేచి పరిగెడుతుంది, 25 పెట్టిన ఫలితం దక్కుతుంది. నావలా అడుగు గుండ్రంగా, వెనక సన్నగా ఉంటే లేవదు. నీటిలో మునిగే పొడవు 22 అడుగులైతే అలాంటి బోటు వేగం ఆరు నాట్లు పైచిలుకు, అంటే గంటకి 11, 12 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఆ పైన ఎంత హెచ్‌పి ఇచ్చినా ముక్కు పైకి లేచి, వెనక పెద్ద అల తవ్వుకుంటుందే తప్ప వేగం పెరగదు. పెట్రోలు మాత్రం మండుతుంది.

యానాం ఇంజిన్ షాపు:
పెట్రోలు లెక్క నేను చెప్తానండి. పూర్తి రేజ్‌లో 10 హెచ్‌పికి గంటకి నాలుగు లీటర్లు, 25కి తొమ్మిది, పది లీటర్లు పోతాయి. ఫోర్ స్ట్రోక్‌కి కాస్త తక్కువ. నెమ్మదిగా, ఒకే వేగంలో నడిపితే రెండింటికీ పెద్ద తేడా రాదు, ఆ మేరకు ఓడలరేవు అన్న మాట నిజమే. కానీ చేతిలో 25 ఉండగా నెమ్మదిగా నడిపే వాళ్లని నేను పెద్దగా చూడలేదు.

భైరవపాలెం తమ్ముడికి నా సలహా: 15 తీసుకుని ఫ్యాను మార్చండి. ఇంజిన్‌తో వచ్చే ఫ్యాను తేలిక బోటుకి పనికొస్తుంది, మీ లోడుకి కాదు. లోడుతో పూర్తి రేజ్ ఇచ్చినప్పుడు ఇంజిన్ కంపెనీ చెప్పిన ఆర్‌పిఎం (నిమిషానికి చుట్లు) దాకా తిరగాలి, చాలా వాటికి అది 5000, 6000 మధ్య ఉంటుంది. 4500 దగ్గరే ఆగిపోతే పిచ్, అంటే ఫ్యాను ఒక్క చుట్టుకి ముందుకి నెట్టే దూరం, ఎక్కువైనట్టు. పిచ్ ఒక్క అంగుళం తగ్గిస్తే 150 నుంచి 200 ఆర్‌పిఎం పెరుగుతుంది, లోడుని నెట్టే తోపూ పెరుగుతుంది. పాటుకి ఎదురు వెళ్లడానికి కావలసింది ఆ తోపే. మీ పాత ఇంజిన్‌కీ ఈ జబ్బే ఉండి ఉండొచ్చు.

ఇంజిన్ నుంచి ఫ్యాను దాకా కిందికి దిగే షాఫ్టు పొడవు కూడా కొలిచి కొనండి. పలక ఎత్తు 15 అంగుళాలైతే షార్ట్, 20 అయితే లాంగ్. పొట్టిదైతే అలల్లో ఫ్యాను గాలి పీలుస్తుంది, పొడవుదైతే కోరంగి మడ కాలువల్లో బురద తవ్వుతుంది. వరద ఎర్రనీళ్లలో తిప్పితే ఆ ఒండ్రుకి ఇంజిన్‌ని చల్లబరిచే వాటర్ పంపు లోపల తిరిగే రెక్కల చక్రం (ఇంపెల్లర్) అరిగిపోతుంది, వరదలు తగ్గాక మార్పించుకోండి. ఇంజిన్ మార్చాక రిజిస్ట్రేషన్‌లో కొత్త నంబరు, హెచ్‌పి రాయించుకోవడం మర్చిపోకండి.

భైరవపాలెం కుర్రాడు:
ఇవాళ పొద్దున్నే నాన్నా నేనూ ఊపి చూశామండి. పలక కుడివైపు వంగుతోంది. కింది బోల్టు విప్పితే కన్నంలోంచి నల్లటి నీళ్లు కారాయి. అడుగు మాత్రం చదునుగానే ఉంది. బాబాయ్, పలక మొత్తం మార్చాలా, కుళ్లిన ముక్క వరకు తీస్తే సరిపోతుందా?

తాళ్లరేవు పడవ పని:
ముక్క తీసి అతికితే నిలవదు, మొత్తం మార్చు. లోపలి ఫైబర్ కోసి, చెక్కంతా గీకేసి, బాగా ఆరనిచ్చి, మెరైన్ ప్లైవుడ్ వేయించు. కొత్త బోల్టు కన్నాలకి లోపలంతా రెజిన్ పట్టించాకే బోల్టులు ఎక్కించు. అడుగు చదునంటున్నావు కాబట్టి, కొత్త పలక పడ్డాక మీ నాన్నా నువ్వూ 15, 25 సంగతి మళ్లీ మాట్లాడుకోవచ్చు. ఈలోగా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు.